రేవుకు దారి

మా మామగారు విశాఖపట్నం ఓడరేవు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. కిందటి వేసవిలో మా అత్తగారితో కలిసి మా యింటికి వచ్చారు. వచ్చినవాళ్ళకు మనందరం చూపించే వరస ఒకటి ఉంది గదా: గోల్డెన్ గేటు వంతెన, లివర్‌మోరు గుడి, శాన్‌ఫ్రాన్సిస్కోలో మెలికల వీధి, ఎర్రచెట్ల అడవి, చివరికి ఒక షాపింగ్ మాలు. ఆ వరస ప్రకారమే రెండు వారాంతాలు తిప్పాము. రెండో ఆదివారం సాయంత్రం బే బ్రిడ్జి మీద ఇంటికి తిరిగి వస్తుంటే, ఓక్లండు వైపు దిగేచోట కుడిచేతిపక్క వరసగా నిలబడిన పెద్ద పెద్ద క్రేన్లు చూసి మామగారు సీటులో ముందుకు వంగారు.

"అమ్మా, అది ఓడరేవు గదా? అక్కడికి ఎప్పుడు తీసుకెళ్తావు?"

"అక్కడికి మనల్ని వెళ్ళనివ్వరు మామయ్యగారూ" అన్నాను.

"వెళ్ళనివ్వరని ఎవరు చెప్పారమ్మా?"

నాకు జవాబు దొరకలేదు. ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ వంతెన మీద ఉద్యోగానికి వెళ్ళివస్తున్నాను. లారీలు, కంచెలు, పెట్టెల గుట్టలు చూసి అది మనలాంటివాళ్ళు వెళ్ళే చోటు కాదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ రాత్రి పటం తీసి చూస్తే, ఆ క్రేన్ల నడుమనే నీటి ఒడ్డున ఒక పార్కు కనిపించింది. పేరు మిడిల్ హార్బర్ షోర్‌లైన్ పార్కు. ప్రవేశ రుసుము లేదు. 2004 నుంచీ ఉంది.

మన సభ్యులలో చాలామందిది నా పరిస్థితే అయి ఉంటుందనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఆ పార్కు ఎలా వచ్చిందో తెలుసుకుంటూ పోతే నూటడెబ్భై ఏళ్ళ కథ బయటపడింది. అది మనకు సంబంధించిన కథ కూడా.

ఒడ్డున ఒక శనివారం

మన భాషలో రేవు అంటే ముందు మనుషులు నీళ్ళలోకి దిగేచోటు. స్నానాల రేవు, చాకిరేవు, పడవల రేవు, ఆ తరువాతే ఓడరేవు. దిగే దారి లేనిది రేవు ఎలా అవుతుందని మన పెద్దవాళ్ళకు అనుమానం రావడం సహజం. ఇక్కడి పెద్ద రేవులు అలాకాదు. ఓక్లండు రేవు ఆధీనంలో 19 మైళ్ళ తీరం ఉంది. ఓడలకు, పెట్టెలకు సంబంధించిన స్థలమే 1,300 ఎకరాల దాకా ఉంటుంది. అందులో ఈ పార్కు 38 ఎకరాలు. అంటే నూటికి మూడుకన్నా కాస్త తక్కువ.

తరువాతి శనివారం పులిహోర, పెరుగన్నం కట్టుకొని బయలుదేరాము. 880 రోడ్డు మీద సెవెన్త్ స్ట్రీట్ దగ్గర దిగి పడమరగా వెళ్ళాలి. రెండువైపులా రైలు పట్టాలు, ముందూ వెనకా లారీలు. "దారి తప్పావేమో చూడు" అని అత్తగారు రెండుసార్లు అన్నారు. తప్పలేదు. లారీల దారి దాటగానే పచ్చిక, నీళ్ళు, ఎదురుగా శాన్‌ఫ్రాన్సిస్కో. గాలి మాత్రం విపరీతం. మా అత్తగారు నెత్తిన ముసుగు తీయనే లేదు.

ఆ వేళకే ఒక ఓడ రేవులోకి వస్తున్నది. పది పన్నెండు అంతస్తుల మేడంత ఎత్తున పెట్టెలు పేర్చి ఉన్నాయి. రెండు టగ్గులు దాన్ని ముందూ వెనకా పట్టుకొని మెల్లగా తిప్పుతున్నాయి. మామగారు నిలబడిపోయారు. ఓడ ముందుభాగాన వ్రాసి ఉన్న డ్రాఫ్టు అంకెలు చూసి, "నిండా లేదు. కొంత సరుకు ఎక్కడో దించి వచ్చింది" అన్నారు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. తాతగారు నిలువెత్తు అంకెలు చదివి ఓడ కడుపులో ఏముందో చెప్పడం చూసి, వాడు చేతిలోని ఫోను జేబులో పెట్టేశాడు. తరువాత ఒక గంట క్రేను ఎలా నిలుస్తుంది, పెట్టె నాలుగు మూలలూ ఎలా పట్టుకుంటుంది, లారీ ఎందుకు వరసలో ఆగుతుంది అని ఇద్దరికీ అదే మాట. మనం తినే బాదంపప్పు సంగతి కూడా చెప్పాను. కాలిఫోర్నియా బాదంను అందరికంటే ఎక్కువగా కొనేది భారతదేశమే. అందులో చాలాభాగం ఎక్కేది ఈ రేవులోనే.

పార్కులో జనం బాగానే ఉన్నారు. ఒక మెక్సికన్ కుటుంబం పిల్ల పుట్టినరోజు చేస్తున్నది. వియత్నాం పెద్దాయన ఒకరు గాలం వేసి కూర్చున్నారు. మనుమలను తీసుకొని వెస్ట్ ఓక్లండు నుంచి వచ్చిన ఒక నల్లజాతి పెద్దావిడ మా పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. ఆవిడ అక్కడి చూపుడు బురుజు చూపించి, "దాని మీద పేరున్న మనిషి మా పేటవాడే" అన్నారు. ఆ బురుజుకు చాపెల్ హేస్ పేరు పెట్టారు. వెస్ట్ ఓక్లండు మీదుగా పోయే సైప్రస్ ఫ్రీవే 1989 భూకంపంలో కూలి 42 మంది చనిపోయారు. దానిని మళ్ళీ అదే పేట నడిబొడ్డున కట్టరాదని పోరాడినవారిలో ఆయన ఒకరు. రేవు లారీల పొగ పీల్చే పేట అది. కొత్త ఫ్రీవేను చివరికి పేట అంచుకు, రైలు పట్టాల వైపుకు మళ్ళించారు.

ముప్ఫై ఏడేళ్ళకు వ్రాసి ఇచ్చిన తీరం

ఓక్లండు ఊరు పుట్టినప్పుడే దాని తీరం పరాధీనమైంది. 1852 మే నెలలో ఓక్లండును పట్టణంగా గుర్తించారు. ఆ నెలలోనే పట్టణ ట్రస్టీలు మొత్తం తీరాన్ని హొరేస్ కార్పెంటియర్ అనే లాయరుకు 37 ఏళ్ళకు ఏకహక్కుగా వ్రాసి ఇచ్చారు. అందుకు బదులుగా ఆయన కొన్ని రేవుకట్టలు, ఒక బడి కట్టించాలి. వసూలైన రేవు రుసుములో నూటికి రెండు వంతులు పట్టణానికి ఇవ్వాలి. అంతే. ఆ పెద్దమనిషే 1854లో ఊరికి మొదటి మేయరయ్యాడు. 1868లో ఆ హక్కు ఓక్లండు వాటర్‌ఫ్రంట్ కంపెనీ చేతికి, దాని ద్వారా రైలు కంపెనీ గుప్పిట్లోకి వెళ్ళింది. మరుసటి ఏడు ఖండాన్ని దాటి వచ్చే రైలు ఓక్లండు చేరింది. ఊరి జనానికి సంతోషమే. కాని నీటి ఒడ్డు మాత్రం ఊరిది కాదు.

ఆ దస్తావేజు మీద వ్యాజ్యాలు రెండు తరాలు నడిచాయి. 1897లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. 1852లో నీరు ఆటుకు వెనక్కు తగ్గినప్పుడు ఎక్కడ ఉండేదో అక్కడితో కంపెనీ హక్కు సరి, ఆ గీతకు అవతలిది కంపెనీది కాదు. ఈ లోపల ఏళ్ళ తరబడి మట్టి పోసి పూడ్చినందువల్ల తీరం ఆ గీత దాటి చాలా ముందుకు జరిగింది. అంటే ఓడలు నిజంగా ఆగేచోటు కంపెనీది కాకుండా పోయింది. 1906-07లో పోటీ రైలు కంపెనీ ఒకటి ఆ సందులో నుంచే నీటి దాకా పట్టాలు వేసుకొని కోర్టులో నెగ్గింది. 1911లో రాష్ట్రం ఆ పోటు నేలలను ఓక్లండు నగరానికి అప్పగించింది. 1927లో నగరం రేవుకు ప్రత్యేక బోర్డు ఏర్పరచింది.

అప్పగించడం అంటే అమ్మడం కాదు. ఇది అర్థం కావడానికి మనకు లా పుస్తకాలు అక్కరలేదు, దేవుడి మాన్యం చాలు. గుడి భూమి ధర్మకర్త చేతిలో ఉంటుంది. కౌలుకు ఇస్తాడు, శిస్తు వసూలు చేస్తాడు, దీపానికి నూనె పోయిస్తాడు. కాని అది ఆయన సొత్తు కాదు, తనకు తోచినవాడికి ధారపోసే హక్కు ఆయనకు లేదు. ఇక్కడ పోటు నేలల సంగతీ అంతే. దేవుడి స్థానంలో ప్రజలు ఉంటారు. ఇలినాయ్ రాష్ట్రం 1869లో షికాగో సరస్సు అడుగు నేల వెయ్యి ఎకరాలకు పైగా ఒక రైలు కంపెనీకి ఇచ్చివేసి, 1873లో ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. వివాదం కోర్టుకు వెళ్ళింది. 1892లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పింది. రేవు నీళ్ళను, వాటి కింది నేలను రాష్ట్రం ప్రజల తరఫున ధర్మకర్తగా ఉంచుకొన్నది గనుక అలా వదులుకొనే అధికారం దానికి లేదన్నది ఆ తీర్పు సారం.

ఈ సూత్రం మన దేశానికీ వచ్చింది. బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కోసం నది ప్రవాహాన్ని మళ్ళించారని ఎం.సి. మెహతా నడిపిన కేసులో 1996 డిసెంబరులో భారత సుప్రీంకోర్టు ఈ ధర్మకర్త సూత్రం మన చట్టంలో భాగమని ప్రకటించింది. అందుకు ఆధారంగా చూపినవాటిలో కాలిఫోర్నియా కోర్టు 1983లో మోనో సరస్సు మీద ఇచ్చిన తీర్పు ఒకటి.

ఒక డాలరు చందా

నేల ప్రజలదని కోర్టు చెప్పినంతమాత్రాన ప్రజలు అక్కడికి వెళ్ళగలరని కాదు. 1960ల నాటికి ఈ అఖాతం చుట్టూ జనం స్వేచ్ఛగా నీటి దాకా వెళ్ళగలిగిన తీరం మొత్తం నాలుగు మైళ్ళని చెబుతారు. మిగిలినదంతా కర్మాగారాలు, ఉప్పు మళ్ళు, సైనిక స్థావరాలు, చెత్త దిబ్బలు. ప్రతి ఊరూ తన ఒడ్డున చెత్త, మట్టి పోసి కొత్త నేల చేసుకుంటున్నది. బర్కిలీ నగరం ఒక్కటే 2,000 ఎకరాల నీటిని పూడ్చాలని పథకం వేసింది. ఇలాగే పోతే 2020 నాటికి అఖాతం ఒక నదిలాగా మిగులుతుందన్నట్టు చూపే పటం 1959 డిసెంబరులో ఓక్లండు ట్రిబ్యూన్‌లో అచ్చయింది.

దాన్ని చూసి కదిలినవారు ముగ్గురు గృహిణులు: కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్. ముగ్గురూ విశ్వవిద్యాలయానికి చెందిన కుటుంబాలవారే. మన ఇళ్ళలాంటి ఇళ్ళే అనుకోండి. 1961లో ఊళ్ళోని ప్రకృతి సంరక్షణ సంఘాలవాళ్ళందరినీ ఇంటికి పిలిచారు. వచ్చినవాళ్ళు విషయం ముఖ్యమేనని ఒప్పుకొని, తమకు తీరిక లేదని చెప్పి, తమ సభ్యుల చిరునామాలు ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ చిరునామాలతోనే ఈ ముగ్గురూ ఉత్తరాలు మొదలుపెట్టారు. చందా ఒక డాలరు. నాలుగేళ్ళు తిరిగేసరికి చట్టసభలో మెక్‌టీర్, పెట్రిస్ అనే ఇద్దరు సభ్యుల పేరుతో చట్టం వచ్చింది. అది 1965. దాని కింద పుట్టిన అఖాత పరిరక్షణ కమిషన్‌ను 1969లో శాశ్వతం చేశారు. ఆనాటి గవర్నరు రీగన్.

సైక్లోస్టైలు కాగితాల మీద సంఘం నడిపే మనకు ఈ ముగ్గురి కథ కొత్తగా తోచదు. కవర్ల మీద బిళ్ళలు అంటించిన చేతులన్నిటికీ దీని రుచి తెలుసు.

ఆ చట్టంలో మన విషయానికి పనికివచ్చే మాట ఒకటుంది. నీటిలో గాని, నీటి అంచు నుంచి నూరు అడుగుల లోపు నేలమీద గాని ఎవరు ఏది కట్టినా కమిషన్ అనుమతి కావాలి. ఆ పనికి అడ్డం రానంతవరకు సాధ్యమైనంత ఎక్కువ మేర ప్రజలకు నీటి దగ్గరకు దారి ఇవ్వాలి. ఆ దారి అనుమతి పత్రంలో షరతుగా నమోదవుతుంది. అంటే మనం నడిచే ఒడ్డు దారులు చాలావరకు ఎవరి దయవల్లనో వచ్చినవి కావు. ప్రజల నీటిని వాడుకున్నందుకు వాడుకున్నవాళ్ళు కట్టిన శిస్తు అవి.

పనిచేసే రేవులో ఇది ఎలా కుదురుతుంది?

ఇక్కడే చిక్కు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున ఇవాళ మనం హాయిగా తిరుగుతున్నామంటే అక్కడి నుంచి ఓడల పని వెళ్ళిపోయింది గనుక. కంటైనర్లు వచ్చాక ఇరుకైన పాత కట్టలు పనికిరాలేదు. విశాలమైన నేల, పక్కనే రైలు ఉన్న ఓక్లండుకు ఓడలు మళ్ళాయి. ఒడ్డుకు అడ్డంగా ఉన్న ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతింటే 1991లో తీసివేశారు. 2003లో ఫెర్రీ బిల్డింగు అంగళ్ళతో మళ్ళీ తెరుచుకుంది. పని పోయిన రేవును జనానికి తెరవడం తేలిక. పనిచేస్తున్న రేవులో, నెత్తిమీద ముప్ఫై టన్నుల పెట్టె వేలాడుతున్నచోట పిల్లల్ని తిప్పమనలేము.

ఓక్లండులో దొరికిన మార్గం ఇది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి అక్కడ ఉన్న నౌకాదళ సరఫరా కేంద్రం 1998లో మూతపడింది. ఆ స్థలంలో రేవు కొత్త టెర్మినళ్ళు కట్టుకుంది. ఓడలు పెద్దవవుతున్నందున కాలువను 42 అడుగుల నుంచి 50 అడుగుల లోతుకు తవ్వింది. ఆ పని 2009లో ముగిసింది. తవ్విన మట్టిలో ఎంతో భాగాన్ని పార్కు ముందున్న పాత లోతు నీళ్ళలో పోసి, పక్షులకు, చేపపిల్లలకు పనికివచ్చే లోతు తక్కువ నీటిగా మార్చారు. ఒడ్డున పార్కు వచ్చింది. పనికీ జనానికీ మధ్య కంచె ఉంది, కాని కంచెకు ఇవతల నీళ్ళూ ఉన్నాయి.

మామగారు ఇది విని విశాఖ సంగతి చెప్పారు. అక్కడి రేవును 1933లో తెరిచారు. అలల ధాటికి అడ్డుగా రెండు పాత ఓడలను ముంచి మరీ కట్టారట. లోపలికి వెళ్ళాలంటే పాసు కావాలి. అయినా ఓడలు రావడం ఊరంతా చూస్తుంది. ఎందుకంటే ఓడలు వచ్చే కాలువ పక్కనే మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. "రేవు గేటు దగ్గర పాసు అడుగుతారు గాని దేవుడి దగ్గరకు వెళ్ళేవాణ్ణి ఎవడాపుతాడమ్మా? అందుకే ఆ మెట్లకు ఎవరూ కంచె వెయ్యలేదు" అన్నారు. జనం రోజూ ఎక్కి దిగే మెట్లు గనుక అవి మిగిలాయని ఆయన భావం.

మూసుకుపోయే మూడు విధాలు

దారి మూసుకుపోవడం మూడు రకాలుగా జరుగుతుందని నాకు అర్థమైంది.

ఒకటి, భద్రత. 2001 సెప్టెంబరు తరువాత అమెరికా 2002లో రేవుల భద్రతా చట్టం చేసింది. అంతర్జాతీయ నియమాలు 2004 జూలై 1 నుంచి అమలయ్యాయి. టెర్మినళ్ళలో పనిచేసేవారికి కూడా గుర్తింపు కార్డులు తప్పనిసరి అయ్యాయి. ఇందులో తప్పు పట్టడానికి లేదు. కాని ఒకసారి వేసిన కంచె అవసరానికి మించి రెండు గజాలు ముందుకు జరిగితే ఎవరూ కొలిచి చూడరు. ప్రపంచమంతా రేవులు మూసుకుంటున్న 2004లోనే ఓక్లండు పార్కు తెరుచుకుందన్న సంగతి అందుకే చెప్పుకోదగినది.

రెండు, అందం. ఓక్లండు రేవులో హోవార్డ్ టెర్మినల్ అనే 55 ఎకరాల స్థలంలో బేస్‌బాల్ మైదానం, 3,000 ఇళ్ళు, ఒడ్డున పార్కులు కడతామని 2018లో ప్రతిపాదన వచ్చింది. జనానికి ఒడ్డు తెరుస్తున్నామని ఒకరన్నారు. ఇళ్ళు వచ్చాక లారీల రొద మీద ఫిర్యాదులు వస్తాయి, చివరికి పని వెళ్ళిపోతుందని లారీ డ్రైవర్లు, రేవు కార్మికులు అన్నారు. 2022 జూన్‌లో కమిషన్ ఆ స్థలాన్ని రేవు అవసరాల జాబితా నుంచి తీసివేసింది. 2023లో జట్టు లాస్‌వేగస్ దారి పట్టడంతో పథకం ఆగిపోయింది. ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. పని పోగొట్టుకొని సంపాదించిన ఒడ్డు, కొన్నాళ్ళకు కాఫీ కొనగలిగినవాళ్ళ ఒడ్డు అయిపోతుందేమోనన్న భయం మాత్రం నాకు ఉంది. గాలం వేసే పెద్దాయనకు అక్కడ చోటు ఉంటుందా?

ఆయన మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. ఈ అఖాతంలోని కొన్ని చేపలలో పాదరసం, పి.సి.బి.లు అనే రసాయనాలు ఉన్నందున 1994 నుంచి ప్రభుత్వ ఆరోగ్యశాఖ సూచనలు ఉన్నాయి. సొర, స్టర్జన్ వంటి వాటిని పిల్లలు, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలు తినరాదు. పడితే బోర్డు చదివి తినండి. దారి తెరిచినంత మాత్రాన నీరు శుభ్రపడదు.

మూడోది మరుపు. ఇది నా అనుభవం. నేను పనిచేసే ఆఫీసుకు దగ్గరలో అఖాతం ఒడ్డున ఒక కంపెనీ ఆవరణ ఉంది. పేరు అనవసరం. దాని వెనుక నీటి పక్కన దారి ఉండేది. మధ్యాహ్నం భోజనమయ్యాక అక్కడ నడిచేదాన్ని. ఒకనాడు గేటుకు తాళం, పైన ఉద్యోగులకు మాత్రమేనని బోర్డు. ప్రజల తీరమని తెలిపే పాత పలక కనిపించలేదు. ఆఫీసులో మన స్నేహితురాలితో అంటే, "మనకెందుకే గొడవ? మనం బయటినుంచి వచ్చినవాళ్ళం" అంది. నేనూ నాలుగు నెలలు వేరే దారిలో నడిచాను. మామగారు వచ్చి వెళ్ళాక సిగ్గనిపించి కమిషన్‌కు ఉత్తరం వ్రాశాను. అనుమతి పత్రాలు ఎవరైనా అడిగి చూడవచ్చు. వాళ్ళు పంపిన నకలులో ఆ దారి, దాని వెడల్పు, జనం కార్లకు వదలవలసిన చోట్లు అన్నీ ఉన్నాయి. తాళం ఫోటో తీసి పంపాను. ఎనిమిది నెలలు పట్టింది. గేటు తెరిచారు, పలక మళ్ళీ పెట్టారు. నన్ను ఎవరూ ఏ దేశపు పౌరురాలివని అడగలేదు.

ఎనిమిది నెలలు ఎందుకు పట్టిందో తరువాత తెలిసింది. 2019లో రాష్ట్ర ఆడిటరు కమిషన్ పనిని తనిఖీ చేస్తే, ఉల్లంఘనల ఫైళ్ళు రెండువందలకు పైగా పేరుకుపోయి ఉన్నాయని తేలింది. చట్టం గట్టిదే. కాపలా కాసేవాళ్ళు తక్కువ. ఇంత పొడుగు తీరాన తాళం పడినచోటల్లా వాళ్ళే చూడాలంటే జరగదు. నడిచేవాళ్ళు చూసి చెప్పాలి.

ఇప్పుడే ఎందుకు?

ఈ పని ఇప్పుడు ముఖ్యం కావడానికి కారణం ఉంది. సముద్రమట్టం పెరుగుతున్నందున 2023లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం అఖాతం ఒడ్డున ఉన్న ప్రతి ఊరూ 2034 నాటికి తన తీర రక్షణ ప్రణాళిక తయారుచేయాలి. అందుకు మార్గదర్శకాలను కమిషన్ 2024 డిసెంబరులో ఆమోదించింది. ఎక్కడ కట్ట వేయాలి, ఎక్కడ గోడ లేపాలి, ఎక్కడ నీటిని రానివ్వాలి అన్నవి ఈ కొద్ది ఏళ్ళలోనే నిర్ణయమవుతాయి. గోడ కట్టేటప్పుడు దానికి మెట్లు కావాలో వద్దో అప్పుడే అడగాలి. కట్టాక అడిగితే వినేవాడుండడు. ఈ సభలు మన ఊళ్ళలోనే, మన గ్రంథాలయాలలోనే జరుగుతాయి. ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడవచ్చు.

అఖాతం చుట్టూ 500 మైళ్ళ కాలిబాట వేయాలన్న సంకల్పం 1980లలో మొదలై, ఇప్పటికి 350 మైళ్ళకు పైగా పూర్తయింది. నాలుగు మైళ్ళ నుంచి ఇంతదాకా వచ్చింది. మిగిలిన ముక్కలు చాలావరకు రేవులు, కర్మాగారాలు ఉన్న చోట్లే. కష్టమైనవే మిగిలాయి.

మా ఊళ్ళో చేలగట్ల మధ్య నుంచి చెరువుకు పోయే పుంత ఉండేది. బండ్లు, గొడ్లు, బిందెలు ఎత్తుకున్న ఆడవాళ్ళు దాని మీదే వెళ్ళేవారు. ఇంటింటికీ కొళాయిలు వచ్చాక ఎవరూ నడవడం లేదు. రెండువైపుల రైతులూ ఏటా ఒక చాలు చొప్పున లోపలికి దున్నుకున్నారు. ఇప్పుడు గ్రామ పటంలో పుంత ఉంది, నేలమీద లేదు. ఎవరో దుర్మార్గుడు వచ్చి ఆక్రమించింది కాదు. మేము నడవడం మానేశాము.

కార్యవర్గానికి ఒక సూచనతో ముగిస్తాను. ఈ ఏడాది వనభోజనాలు ఎప్పటిలా ఖరీదైన పార్కులో కాకుండా మిడిల్ హార్బర్ ఒడ్డున పెట్టుకుందాం. ఉదయం ఎనిమిది తరువాత వెళ్ళి, చీకటి పడకముందే తిరిగి రావాలి. దగ్గరలో అంగళ్ళు లేవు గనుక నీళ్ళు, తిండి మనమే తీసుకువెళ్ళాలి. గాలికి విస్తరాకులు ఎగిరిపోతాయి, కాస్త బరువైన పళ్ళేలు తెచ్చుకోండి. పిల్లలకు, పెద్దవాళ్ళకు స్వెట్టర్లు తప్పనిసరి. ఉసిరిచెట్టు దొరకదు, ఉన్న చెట్టుతో సరిపెట్టుకుందాం.

మా మామగారు విశాఖ చేరాక ఫోనులో మా అబ్బాయిని అడిగిన మొదటి ప్రశ్న, "ఈ వారం ఏ ఓడ వచ్చిందిరా?" అని. వాడు వెళ్ళి చూసి చెప్పాలి గదా. అందుకని రెండు వారాలకొకసారి వెళ్ళి వస్తున్నాము.